సంతకపు చీటి – సాక్ష్యపు చీటి



నేను యౌవనమున కొంతకాలము మా తాలూకా కేంద్రమున దస్తావేజులు వ్రాయు వృత్తిలో ఉంటిని. ఆ దినములలో మునసబు కోర్టున జరిగిన యొక వ్యాజ్యము నాకు నేటికిని జ్ఞప్తియందున్నది. చనిపోయిన రైతొకడు తనకు వ్రాసి యిచ్చినదని ఒక షావుకారు ప్రామిసరీ నోటు దాఖలు చేసెను. ఆ సంతకము మా తండ్రిది కాదని రైతు కొడుకులు వాదించిరి. నోటు మీది సంతకమునకును, ఆ రైతు అంతకు పూర్వము చేసిన పంపకపు దస్తావేజు మీది సంతకమునకును వెండ్రుకవాసి భేదము లేదు. చూచినవారందఱును కొడుకులదే అబద్ధమనుకొనిరి. అప్పుడు ప్రతివాదుల వకీలు, మిక్కిలి వృద్ధుడు, ఆ రెండు కాగితములను ఒకదానిపై నొకటి పెట్టి కిటికీ వెలుతురునకు ఎత్తి పట్టి, “అయ్యా, రెండును ఒక్కటే. అందుచేతనే వీనిలో నొకటి దొంగది” అనెను. మనుష్యుడు తన జీవితములో వేయిమార్లు చేవ్రాలు చేసినను ఏ రెండును అచ్చుగ్రుద్దినట్లు ఉండవు. అట్లున్నచో ఒకటి రెండవదానిపై పెట్టి దిద్దినదే యగును. వ్యాజ్యము కొట్టివేయబడెను.

ఆ వృద్ధుని మాట ఇటీవల మఱల జ్ఞప్తికి వచ్చుటకు ఒక కారణము కలదు. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున మా పెద్దకుమారుని కుమారుడు, పదునాలుగేండ్లవాడు, ఉన్నాడు. ఇరుగుపొరుగువారి యిండ్ల ముందరి పచ్చిక కోసి, రెండు వేసవులు కూడబెట్టిన డబ్బుతో వాడొక అట్టముక్కను కొనెను. దానిపై మికీ మాంటిల్ అను ప్రసిద్ధుడగు ఆటగాని బొమ్మయు, ఆ బొమ్మపై నీలిసిరాతో ఆయన చేవ్రాలును ఉన్నవి. కొన్న పిమ్మట దానిని పరీక్షకు పంపగా, చేవ్రాలు నమ్మదగినది కాదని తిరిగి వచ్చినది. “తాతయ్యా, మీరు బ్రతుకంతా సంతకాలు చూచినవారు గదా! ఇది దొంగదని వాళ్ళకెట్లా తెలిసింది?” అని వాడు టెలిఫోనులో నన్నడిగెను. వానికి జవాబు చెప్పుటకై నేను చదివి తెలిసికొన్న చరిత్రనే నేడు మీకు మనవి చేయుచున్నాను.

ముందుగా ఆ చీటి యనగా నేమో చెప్పవలెను. మీలో కొందఱు చిన్నతనమున అగ్గిపెట్టెల మీది బొమ్మలను, సిగరెట్టు పెట్టెలలోని బొమ్మలను పోగుచేసియుందురు. ఆ వ్యసనమునకు అమెరికాలో నూటనలువది యేండ్ల చరిత్ర కలదు. 1880 ప్రాంతములలో సిగరెట్లు పలుచని కాగితపు పొట్లములలో అమ్ముడుపోయెడివి. అవి నలిగిపోకుండుటకై లోపల నొక గట్టి అట్టముక్కను పెట్టెడివారు. అది ఊరక యుండనేల, దానిపై బొమ్మ అచ్చొత్తించినచో వాడుకదారు మఱల మన పొట్లమునే కొనునని వర్తకులకు తోచెను. వర్జీనియా రాష్ట్రమున రిచ్మండ్ నగరమందలి ఆలెన్ అండ్ జింటర్ కంపెనీవారు 1887లో వెలువరించిన బొమ్మలలో మల్లయోధులు, ముష్టియోధులు మొదలగువారితోపాటు బేస్‌బాల్ ఆటగాండ్రును ఉండిరి. బేస్‌బాల్ అనునది క్రికెట్టునకు దాయాది వంటి ఆట. గుండ్రని కఱ్ఱతో బంతిని కొట్టి, నాలుగు మూలలను చుట్టివచ్చిన ఒక పరుగు. అమెరికావారికి ఆ ఆటపై గల మమకారము మనవారికి క్రికెట్టుపై గల దానికి ఏమాత్రమును తీసిపోదు.

1909 మొదలు 1911 వఱకు అమెరికన్ టొబాకో కంపెనీవారు ఐదువందలకు పైగా వేర్వేరు బొమ్మలు గల యొక వరుసను వెలువరించిరి. దానిని సంగ్రాహకులు ‘టి206’ అని వ్యవహరింతురు. ఈ పేరు పెట్టినవాడు సిరక్యూస్ నగరవాసియగు జెఫర్సన్ బర్డిక్. ఆయనను గూర్చి ఒక్క మాట చెప్పక ముందునకు పోలేను. కీళ్ళవాతముచే చేతులు వంకరలుపోయి బాధపడుచు, ఆయన మూడు లక్షలకు పైగా చీట్లను, కాగితపు బొమ్మలను సేకరించి, వానికి పట్టిక వ్రాసి, సమస్తమును న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమునకు దానమిచ్చెను. అంతటితో విడువక తానే స్వయముగా ఏండ్ల తరబడి ఆ మ్యూజియమునకు పోయి, వానిని పుస్తకములలో అంటించి, 1963 జనవరిలో ఆ పని ముగించి, మార్చిలో కన్నుమూసెను. ఆయన జిగురుతో అంటించినాడు. నేటి బేరగాండ్ర లెక్క ప్రకారము జిగురు పూయుట చీటిని పాడుచేయుటయే! ఆయనకు ధర అను తలపే లేకుండెనని దీనివలన తెలియుచున్నది.

ఆ టి206 వరుసలో పిట్స్‌బర్గు జట్టువాడగు హోనస్ వాగ్నర్ చీటి మిక్కిలి అరుదు. తన బొమ్మను పొగాకు కంపెనీవారు వాడుకొనుటకు ఆయన ఒప్పుకొనలేదు. పిల్లలు తన బొమ్మకొఱకు పొగాకు కొందురని ఆయన బాధపడెనని కొందఱు, తనకు సొమ్ము ముట్టలేదని ఆయన అలిగెనని మఱి కొందఱు చెప్పుదురు. ఆయన స్వయముగా పొగాకు నమలువాడే కనుక రెండవ మాటవైపు మొగ్గుటకు కొంత అవకాశము కలదు. ఏమైనను అచ్చు నిలిపివేయబడి, అప్పటికే బయటికి పోయిన కొలది చీట్లు మాత్రము మిగిలినవి. వీనిలో నొకదాని కథ తరువాత చెప్పెదను.

పొగాకు తరువాత చూయింగ్ గమ్ అను నమిలెడి బంక వచ్చినది. బాస్టన్ నగరమునందలి గౌడీ కంపెనీవారి 1933 నాటి వరుస, బ్రూక్లిన్‌లోని టాప్స్ కంపెనీవారి 1952 నాటి వరుస ప్రసిద్ధములు. ఈ రెండవ వరుసను రూపొందించిన సై బెర్గర్ అను ఉద్యోగి ఒక చిత్రమైన సంగతి చెప్పెడివాడు. 1952లో అమ్ముడుపోని చీట్లు గిడ్డంగిలో ఏండ్లకొలది మూలుగుచుండగా, ఎవ్వరును కొననందున 1960 ప్రాంతమున వానిని పడవపై వేయించి అట్లాంటిక్ సముద్రములో పాఱబోయించెనట. వానిలో మాంటిల్ చీట్లు ఎన్నియుండెనో! ఆ వరుసలోని 311వ సంఖ్యగల మాంటిల్ చీటి యొకటి, 1991లో 50 వేల డాలర్లకు అమ్ముడుపోయినది, 2022 ఆగష్టులో వేలమునకు వచ్చి 1 కోటి 26 లక్షల డాలర్లు పలికెను. సముద్రపు చేపలకు అంతటి భోజనము పెట్టినవాడు మఱియొకడు లేడు.

ధర పెఱిగినచోట దొంగ పుట్టును. చీట్లపై చేవ్రాళ్ళ సంగతియు అట్లే జరిగినది. వెనుకటి దినములలో చీటిపై ఆటగానిచేత సంతకము చేయించుకొనుట పిల్లల ముచ్చట. ఆట ముగిసిన పిదప ద్వారమువద్ద కాచుకొని, చేయి చాపి చేయించుకొనెడివారు. నిష్ఠగల సంగ్రాహకులు అట్టి చీటిని సిరా మరకపడినదానిగా ఎంచి తగ్గువెలకు కొనెడివారు. 1980 తరువాత వాసన మాఱెను. చేవ్రాలే విలువకు మూలమయ్యెను. 1990లో అప్పర్ డెక్ అను కంపెనీవారు రెగీ జాక్సన్ అను ఆటగానిచేత 2,500 చీట్లపై సంతకములు చేయించి, వరుససంఖ్యలు వేయించి, వానిని అమ్మకపు పొట్లములలో అచ్చటచ్చట కలిపి పంపిరి. అది లాటరీవలె జనమును ఆకర్షించెను. ఆ తరువాత ఏ కంపెనీయు ఆ పద్ధతిని విడువలేదు.

అయితే చనిపోయిన ఆటగానిచేత ఎవరు సంతకము చేయింపగలరు? బేబ్ రూత్ 1948లో, లౌ గెరిగ్ 1941లో, మాంటిల్ 1995లో గతించిరి. వారి చేవ్రాళ్ళకే గిరాకి మెండు. అచ్చటనే కూటలేఖకులకు పంట పండినది. ఇచ్చట ఒక న్యాయమైన చిక్కు కూడ కలదు. దొంగ సంతకమెల్ల దొంగలే చేయలేదు. పేరుపొందిన ఆటగాండ్రకు దినమునకు వందల ఉత్తరములు వచ్చెడివి. వారి భార్యలు, గుమాస్తాలు, జట్టు బట్టలగది చూచుకొనెడి పనివాండ్రు వారికి బదులు సంతకములు చేసి పంపెడివారు. కొందఱు రబ్బరు ముద్రలు వాడిరి. కలమును యంత్రమునకు బిగించి ఒకే సంతకమును ఎన్నిమార్లైనను వ్రాయించెడి సాధనములును వచ్చినవి. తొంబదియేండ్ల క్రిందట ఆటగానికే జాబు వ్రాసి, ఆయన యింటినుండియే వచ్చిన సంతకమును ఒక కుటుంబమువారు భక్తితో దాచుకొనియుండవచ్చును. అది ఆయన చేతిది కాకపోవచ్చును. అందులో ఆ కుటుంబమువారి అబద్ధమేమియు లేదు. పరీక్షకుడు ‘కాదు’ అన్నప్పుడు వారికి కలుగు మనస్తాపము ఎట్టిదో మీరే ఊహింపుడు.

ఇక అసలు దొంగల సంగతి. 1990 తరువాత షికాగోలో మైకేల్ జోర్డాన్ మొదలగువారి దొంగ సంతకములపై అమెరికా కేంద్ర నేరపరిశోధక శాఖ, అనగా ఎఫ్.బి.ఐ., విచారణ సాగించెను. దాని కొనసాగింపుగా కాలిఫోర్నియాలోని శాన్ డియేగో శాఖవారు ‘ఆపరేషన్ బుల్‌పెన్’ అను పేరుతో 1997లో మఱియొక విచారణ ప్రారంభించిరి. ఆ ఊరి జట్టువాడగు టోనీ గ్విన్ ప్రసిద్ధ ఆటగాడు. ఆయన తన జట్టువారి సొంత దుకాణములోనే తన పేరిట అమ్ముచున్న వస్తువులను చూచి, ‘ఈ సంతకములు నావి కావు’ అని అధికారులకు తెలిపెను. సొంత యింటి అంగడిలోనే తన పేరు దొంగ సరకుగా అమ్ముడగుచుండుట కంటె వింత ఏమి కావలెను?

ఆ శాఖవారి యుక్తి మెచ్చదగినది. సాక్ష్యము కొఱకు దొంగ సరకు కొనవలెను; కాని కొన్న సరకు మఱల అంగడికి చేరి జనమును మోసగింపరాదు. కాబట్టి వారొక బూటకపు వర్తకసంస్థను నెలకొల్పి, మేము జపానుదేశమునకు ఎగుమతి చేయువారమని చెప్పుకొనిరి. సరకు దేశము దాటిపోవుచున్నదని దొంగలు నిర్భయముగా అమ్మసాగిరి. రెండేండ్లు ఓపికపట్టి, 1999 అక్టోబరులో ఒకే దినమున పెక్కు రాష్ట్రములలో సోదాలు జరిపిరి. విచారణ ముగియునప్పటికి 18 ముఠాలు చెదరినవి. 60 మందికి పైగా శిక్షార్హులైరి. ఆ ముఠాలలో నొకదానికి సంతకములు వ్రాసి పెట్టుచుండిన వానికి చేయని చేవ్రాలు లేదు. రూత్, మాంటిల్ వంటి ఆటగాండ్రతో తృప్తిపడక, బేస్‌బాల్ బంతిపై మదర్ తెరీసా సంతకమును కూడ సృష్టించిరి! ఆ పుణ్యాత్మురాలు బేస్‌బాల్ బంతిని ఎన్నడైన ముట్టెనా అని కొనువానికి సందేహము కలుగకపోవుటయే నాకు ఆశ్చర్యము. ఆ కాలమున అంగడిలోనున్న సంతకపు వస్తువులలో సగమునకు పైగా దొంగవి కావచ్చునని ఆ శాఖవారు అంచనా కట్టిరి.

ఈ వ్యవహారములో అందఱికంటె దుర్మార్గులు నా దృష్టిలో ఆ వ్రాతగాండ్రు కారు. ప్రతి వస్తువుతోడను ‘ఇది సత్యమైన సంతకము’ అని ధ్రువపత్రమొకటి యిచ్చెడివారు. ఆ ధ్రువపత్రములు ఇచ్చిన పరీక్షకులలో కొందఱు ముఠాలతో కలిసినవారే. దొంగనోటునకు దొంగ సాక్షి వంటివాడు. కొనువాడు సంతకమును నమ్మలేదు, సాక్షిని నమ్మెను. ఆ నమ్మకమును అమ్ముకొన్నవాని పాపము మొదటివాని పాపమును మించినది.

ఈ గొడవలవలననే నిష్పక్షపాతమైన పరీక్షాసంస్థలకు ప్రాముఖ్యము హెచ్చినది. అంతకుముందే డేవిడ్ హాల్ అను నాణెముల వర్తకుడు 1986లో నాణెములను పరీక్షించి తరగతి నిర్ణయించు సంస్థను, 1991లో చీట్లకు అట్టిదానినే, ప్రొఫెషనల్ స్పోర్ట్స్ ఆథెంటికేటర్ అను పేరుతో, కాలిఫోర్నియాలో నెలకొల్పియుండిరి. వాడుకలో దీనిని పీ.ఎస్.ఏ. యందురు. సంతకముల పరీక్షకు ప్రత్యేకశాఖ 1998లో ఏర్పడెను. బెకెట్, ఎస్.జి.సి. మొదలగు సంస్థలును ఈ పనిలో కలవు.

వీరు సంతకమును ఎట్లు పరీక్షింతురు? పద్ధతి మన కోర్టులలో చేవ్రాత నిపుణులు చేయు దానివంటిదే. ముందుగా ఆ ఆటగాని నిస్సందేహమైన సంతకములు – ఒప్పందపత్రములు, చెక్కులు, జాబులు – అతని యౌవనమునాటివి, ముదిమినాటివి విడివిడిగా సేకరించి ఉంచుకొందురు. ఇరువదియేండ్లనాటి చేవ్రాలును అరువదియేండ్లనాటి చేవ్రాలుతో పోల్చుట తెలివితక్కువ. తరువాత భూతద్దము క్రింద కలపు నడకను చూతురు. తన పేరు తాను వ్రాయువాడు ఆలోచింపడు. కలము పరుగెత్తును, అక్షరముల చివరలు సన్నగిలి గాలిలో కలియును. పరుని పేరు దిద్దువాడు బొమ్మ గీయువానివలె మెల్లగా పోవును. నడుమ నడుమ కలమెత్తును. గీతలో సన్నని వణకు కనబడును, చివరలు మొద్దుగా ఆగిపోవును, సిరా అచ్చటచ్చట గుమికూడును. నేను దస్తావేజుల పనిలో నేర్చుకొన్నదియు ఇదియే: అక్షరము పోలికను కాదు, చేతి వేగమును చూడవలెను.

రెండవది కాలపరీక్ష. ఇది మిక్కిలి సరసమైనది. బాల్‌పాయింట్ కలము అమెరికాలో అంగళ్ళకు వచ్చినది 1945 అక్టోబరులో. గెరిగ్ అప్పటికే గతించి నాలుగేండ్లైనది. కాబట్టి అట్టి కలముతో చేసిన గెరిగ్ సంతకమును చూడగనే ప్రక్కకు నెట్టవచ్చును. షార్పీ అను మొద్దుమొన సిరాకలము 1964లో వచ్చినది. దానితో రూత్ సంతకము చేసెనన్నచో స్వర్గమునుండి దిగివచ్చి చేయవలెను. అట్లే 1962లో టాప్స్ కంపెనీవారు రూత్ జీవితమును గూర్చి చీట్లు వేసిరి. వానిపై రూత్ చేవ్రాలుండుట ఎట్లు పొసగును? అయినను అట్టి తెలివితక్కువ దొంగలును లేకపోలేదు. కాగితపు వయస్సును తెలిసికొనుటకు చీకటిగదిలో అతినీలలోహిత కాంతి ప్రసరింపజేతురు. ఇంచుమించు 1940–50 ప్రాంతమునుండి కాగితపు తయారీలో తెలుపు హెచ్చించు రసాయనములు కలుపుచున్నారు. అట్టి కాగితము ఆ వెలుగులో నీలముగా మెఱయును. 1910 నాటి చీటి యనబడునది అట్లు మెఱసినచో దాని పుట్టుక బయటపడినట్లే. చీటిపై ముడత ఉన్నయెడల సిరా ముడత లోనికి ప్రాకినదా లేక ముడతతోపాటు విఱిగినదా అని చూతురు. ముడతలోనికి ప్రాకినచో ముడత ముందు, సంతకము వెనుక.

సంతకము నిజమని తేలిన పిమ్మట తరగతి. చీటి యొక్క నాలుగు మూలలు, అంచులు, పైతలము, బొమ్మ నడుమకు సరిగా వచ్చినదా లేదా అనునవి చూచి 1 మొదలు 10 వఱకు అంకె వేయుదురు. బొమ్మకు ఇరువైపుల తెల్లని హద్దు మిక్కిలి తేడాగా ఉన్నచో పదవ అంకె రాదు. ఇక్కడ నొక వేడుక కలదు. చీటిపై కలపు గీత ఉన్నచో అది లోపము. దానికై వేఱు గుర్తు వేయుదురు. సంతకమును కలపు గీతయే గదా! కాబట్టి సంతకపు చీట్లకు రెండు అంకెలు వేయు పద్ధతి ఏర్పడెను: చీటి దేహమునకు ఒకటి, చేవ్రాలి నిగనిగకు మఱియొకటి. పిదప చీటిని స్వచ్ఛమైన ప్లాస్టిక్ డబ్బీలోనుంచి, పగులగొట్టిననేగాని తెఱచుటకు వీలులేకుండ అతికించి, పైన సంఖ్యయు అంకెయు గల పట్టీ పెట్టుదురు. దొంగలు ఊరకుండిరా? ఆ డబ్బీలకును పట్టీలకును కూడ నకళ్ళు చేసిరి.

ఈ అంకెల మహిమ ఎంతటిదో వాగ్నర్ చీటి చెప్పును. పీ.ఎస్.ఏ. వారు తమ మొదటి సంఖ్యను వేసిన చీటి అదియే. 8వ తరగతి నిచ్చిరి. అంత పాతచీటికి అంత నిగారింపు అపూర్వము. బిల్ మాస్ట్రో అను వర్తకుడు దానిని 1985లో 25 వేల డాలర్లకు కొని, 1987లో 1 లక్ష 10 వేలకు అమ్మెను. 1991లో వేయిన్ గ్రెట్స్కీ అను మంచుహాకీ వీరుడు భాగస్వామితో కలిసి వేలములో 4 లక్షల 51 వేలకు కొనెను. ఆ తరువాత అది ఒక దుకాణముల సంస్థవారి బహుమాన లాటరీలో ఫ్లోరిడాలోని ఒక తపాలా ఉద్యోగినికి వచ్చెను. పాపము, దానిపై పన్ను కట్టలేక ఆమె వెంటనే అమ్ముకొనవలసివచ్చెను. 1996లో అది 6 లక్షల 41 వేల 500 డాలర్లు, 2000లో 12 లక్షల 65 వేలు పలికెను. 2007లో అరిజోనా జట్టు యజమాని యగు కెన్ కెండ్రిక్ దానిని 28 లక్షల డాలర్లకు కొనెను.

ఆ అంచులు అంత నున్నగా నుండుటకు ఎవరో కత్తిరించియుందురని చిరకాలముగా గుసగుసలు కలవు. మాస్ట్రో తరువాత గొప్ప వేలశాల నడపి, తన మనుష్యులచేత దొంగపాటలు పాడించి ధరలు పెంచెనని 2012లో నేరారోపణకు గుఱియయ్యెను. 2013లో నేరము నొప్పుకొనుచు, ఆ వాగ్నర్ చీటి ప్రక్క అంచులను తాను కత్తిరించితినని కూడ అంగీకరించెను. 2015లో అతనికి 20 నెలల కారాగారశిక్ష పడినది. కత్తిరించిన చీటికి అంకె వేయరాదని ఆ సంస్థవారి నియమమే. తమ మొదటి చీటి విషయమునందే ఆ నియమము తప్పినది. డబ్బీపైని 8 అంకె మాత్రము చెరగలేదు.

పరీక్షకునకు కూలి యిచ్చువాడు చీటి గలవాడే. చీటి విలువ హెచ్చినకొలది కూలియు హెచ్చును. నాకీ పద్ధతి రుచింపదు. మా కాలమున దస్తావేజు వ్రాతకు ఆస్తి విలువనుబట్టి స్టాంపు హెచ్చెడిదే గాని, సాక్షికి బత్తెము హెచ్చెడిది కాదు. అయితే ఈ సంస్థలు లేకున్నచో ఏమగునో 1990 నాటి ముఠాలు చూపినవి. కాబట్టి వీరిని పూర్తిగా త్రోసివేయుటయు న్యాయము కాదు. వారి మాట అభిప్రాయము; ప్రత్యక్షజ్ఞానము కాదు. దీనిని మన శాసనకర్తలు ముందే గుర్తించిరి. 1872 నాటి సాక్ష్యశాసనములో చేవ్రాత నిపుణుని మాటకు ‘అభిప్రాయము’ అను పేరే పెట్టిరి. ఆ చేవ్రాతను ఎఱిగిన బంధుమిత్రుల అభిప్రాయమునకు కూడ చోటిచ్చిరి. 2024 జూలై 1 నుండి ఆ శాసనము స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినది. ఈ సూత్రము అందులోను నిలిచియున్నది.

అభిప్రాయముకన్న గట్టిది కంటిచూపు. అమెరికా బేస్‌బాల్ సంఘమువారు దొంగల గొడవ తరువాత 2001లో ఈ త్రోవ పట్టిరి. వారు పాత సంతకములను పరీక్షింపరు. ఆటగాడు సంతకము చేయునప్పుడే ప్రక్కన సాక్షి నొకని నిలుపుదురు. పోలీసు ఉద్యోగములలో ఉన్నవారిని, ఉండి విరమించినవారిని ఈ పనికి నియమింతురు. సాక్షి కన్నులార చూచిన వస్తువునకే సంఖ్యగల మెఱుపుబిళ్ళ అంటింతురు. ఇది మన దస్తావేజులలో సాక్షుల సంతకముల వంటిదే గదా! రిజిస్ట్రారు ఎదుట చేసిన సంతకమునకును, పెట్టెలో దొరికిన సంతకమునకును గల భేదము మన పల్లెలలో చదువురానివారికిని తెలియును.

సంతకమును నమ్మరాదని మొదట గ్రహించినవారిలో నొకడు మన దేశముననే పనిచేసెను. 1858లో బంగాళమునందలి జంగీపురమున విలియం హర్షెల్ అను దొర, రోడ్డు వేయుటకు సరకు తెచ్చెదనని ఒప్పుకొన్న రాజ్యధర కొనాయి అను గుత్తదారుచేత, ఒప్పందపు కాగితము వెనుక అరచేతి ముద్ర వేయించెను. తరువాత ‘ఇది నా సంతకము కాద’ని అనకుండుటకే ఆ యేర్పాటు. ఆ బీజమే మొలకెత్తి 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయ మయ్యెను. మన ముసలమ్మలు వేసిన నిశానీలను చూచి నవ్వెడి చదువరులు ఈ చరిత్ర నెఱుగరు. వేలిముద్రను మఱియొకని చేతితో దిద్దుటకు వీలులేదు; అందమైన చేవ్రాలు మాత్రము ఎవనికైనను లోబడును.

ఇక మా మనుమని చీటి. దానిని పరీక్షించినవారు నమ్మలేమని చెప్పిరేగాని కారణము వివరింపలేదు. నేను వానితో, “నాయనా, అమ్మినవాడు అమ్మజూపుచున్న తక్కిన మాంటిల్ చీట్ల బొమ్మలు సంపాదించి నాకు పంపుము” అంటిని. వాడు ఐదింటిని పంపెను. నా కన్నులు ఇప్పుడు మునుపటివలె లేవు. కోడలు వానిని పెద్దవి చేసి అద్దపు కాగితముపై అచ్చుతీయించి యిచ్చినది. ఐదింటిని ఒకదానిపై నొకటి పెట్టి కిటికీకి ఎత్తి పట్టితిని. మూడు సంతకములు గీత కూడ తప్పక ఒక్కటిగా కలిసిపోయినవి. వానిలో మా వానిది ఒకటి.

అమ్మినవానికి వాడు జాబు వ్రాసెను, బదులు రాలేదు. చీటిని తిరిగి అమ్మివేయుమని, కొనువాడు కొనునని, వాని స్నేహితుడొకడు సలహా యిచ్చెనట. వాడట్లు చేయలేదు. చీటి వెనుక తట్టున, ఇది మాంటిల్ సంతకము కాదని సిరాతో వ్రాసి, తన పేరు వ్రాలు చేసి, తేదీ వేసి, పెట్టెలో పెట్టుకొనెను.